వదిన కత్తిరించిన వీడియోలు

మా వదినకి ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. టీ తాగుతూనే లేచి కిటికీ రెక్క సరిచేస్తుంది. ఫోన్లో మాట్లాడుతూనే చెప్పులు వెతుక్కుంటుంది. అలాంటి మనిషి ఆ నెలంతా ఒక టాబ్లెట్ ముందేసుకుని, వీడియో ముక్కలకి పేర్లు పెట్టుకుంటూ కూర్చుంది. కూర్చుందని మాటవరసకి అంటున్నాను గానీ, ఒక పేరు రాసి లేచేది, వంటింట్లోకి వెళ్లేది, తడి చేత్తోనే పరిగెత్తుకొచ్చి ఆ పేరు మార్చేది. చూసే నాకు తల తిరిగిపోయేది.

వదిన అంటే మా ఆయన అక్క. పెళ్లి చేసుకోలేదు. ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో పనిచేస్తుంది. మూటలు దిగే చోట నిలబడి, ఏ ఆస్పత్రివి ఏ బుట్టలోకి పోవాలో చెప్పి, ప్రతి మూటకీ గుడ్డ ట్యాగు కట్టించడం ఆవిడ పని. ఆ జబ్బు ఇంటికీ తెచ్చుకుంది. ఉప్పు డబ్బాకి పేరు, పంచదార డబ్బాకి పేరు, చివరికి నా కళ్లజోడు పెట్టెకి కూడా నా పేరు రాసి అంటించింది. మా ఇంట్లో కళ్లజోడు పెట్టుకునేది నేనొక్కదాన్నే.

మా బావగారు వీళ్లిద్దరికీ పెద్దన్నయ్య. పుట్టుకతోనే వినపడదు, మాట రాలేదు. బడికి పంపలేదు. ఆయన చేతులతో చెప్పే మాటలు ఎక్కడా నేర్చుకున్నవి కావు, వాళ్లమ్మా ఆయనా వదినా కలిసి ఇంట్లోనే అల్లుకున్నవి. గడ్డం మీద మచ్చ చూపిస్తే వదిన. ముక్కు మీద కళ్లజోడు పైకి తోసినట్టు చేస్తే నేను. స్టీరింగు తిప్పితే మా ఆయన, ఎందుకంటే ఆయన వ్యాను నడుపుతాడు. అమ్మ పోయాక ఆ మాటలు పూర్తిగా తెలిసినవాళ్లు ఇద్దరే మిగిలారు. మా ఆయన తోడబుట్టినవాడే అయినా, "అక్కా, అన్నయ్య ఏమంటున్నాడు?" అని అడుగుతూ పెరిగాడు. నేను ఇంటి దగ్గర పిల్లలకి ట్యూషన్లు చెబుతాను, రోజంతా ఇంట్లోనే ఉంటాను. అయినా బావగారు ఏదైనా చెబుతుంటే ఆయన చేతుల వంక కాకుండా వదిన మొహం వంక చూడడమే నాకూ అలవాటైపోయింది.

ఇంతలో లాండ్రీ యజమాని పక్క ఊళ్లో రెండో లాండ్రీ మొదలుపెట్టాడు. "అక్కడ అంతా నువ్వే చూసుకోవాలమ్మా. ఉండడానికి గది కూడా ఇస్తాను. నెలాఖరులోగా ఏ సంగతీ చెప్పు" అన్నాడట. వదిన ఇంటికొచ్చి ఆ మాట చెప్పినప్పుడు పైకి "చూద్దాంలే" అంది. ఇన్నేళ్లలో అందరూ ఆవిడకి పని అప్పజెప్పినవాళ్లే. ఒక చోటు అప్పజెప్పినవాళ్లు లేరు. ఆవిడకి వెళ్లాలని ఎంత ఉందో, ఆ సాయంత్రం కడిగిన గిన్నెలనే మళ్లీ కడుగుతుంటే నాకు తెలిసిపోయింది.

అడ్డల్లా ఒకటే. ఆవిడ వెళ్తే బావగారి మాట ఎవరికి అర్థమవుతుంది? నాకు అర్థం కావాలి. అందుకే ఈ వీడియోలు.

లాండ్రీలో మూలన పడేసిన పాత టాబ్లెట్ ఒకటి అడిగి తెచ్చుకుంది. బావగారు ముందు గదిలో కూర్చుని ప్లాస్టిక్ వైరుతో కుర్చీలు అల్లుతారు. అక్కడే ఒక వైరు కట్టకి టాబ్లెట్ ఆనించి, ఎదురుగా తను కుర్చీ వేసుకుని ఆయనతో మాట్లాడేది. తర్వాత ఆ వీడియో తెరిచి, అక్కర్లేనిది కత్తిరించి, పేరు పెట్టి, ఫోల్డర్లో వేసేది. తిండి, ఒళ్లు, పని, మనుషులు, కోపం అని మొదట పెద్ద ఫోల్డర్లు. వారం తిరిగేసరికి కోపానికి పిల్లలు పుట్టాయి. 'కోపం – చిన్నది'. 'కోపం – పెద్దది'. 'కోపం – నా మీద'. 'కోపం కాదు, మొహమే అంత'.

"వదినా, నడుం నొప్పి నిన్న 'ఒళ్లు'లో ఉంది కదా, ఇవాళ 'పని'లోకి ఎందుకెళ్లింది?" అని అడిగాను ఒకరోజు.

"పని వల్లేగా నొప్పి వచ్చేది. మళ్లీ ఆలోచిస్తే ఒంట్లోదే కదా అనిపిస్తోంది. ఉండు, మార్చేస్తాను."

"మారిస్తే నేను మళ్లీ కొత్తగా నేర్చుకోవాలి."

"ముక్కలు చిన్నవి చేశానమ్మాయ్. వేలు పెట్టగానే దొరుకుతాయి. ఒక్క పొల్లు సెకను ఉంచలేదు" అంది గర్వంగా. నిజమే, ఉంచలేదు. కన్ను ఆర్పి తెరిచేలోపు అయిపోయేవి.

నెలాఖరు దగ్గర పడింది. కొత్త లాండ్రీ చూసి రమ్మని యజమాని కబురు పెట్టాడు. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయడమే. "ఇవాళ నీకు పరీక్షనుకో" అంటూ వదిన టాబ్లెట్ నా చేతిలో పెట్టింది. ఊళ్లో పిల్లలందరికీ పరీక్షలు పెట్టేదాన్ని, నాకే పరీక్ష. బస్సెక్కగానే ఫోన్ చేసింది.

"అన్నయ్య టీ తాగాడా?"

"మీరు ఎక్కిన బస్సు ఇంకా మన వీధి మలుపు కూడా తిరగలేదు వదినా. పెట్టేయండి."

మధ్యాహ్నం పిల్లల పేపర్లు దిద్దుతుంటే బావగారు వచ్చి నా ఎదుట నిలబడ్డారు. బొటనవేలు పెదాల దగ్గర పెట్టారు. నేను గబగబా టాబ్లెట్ తీశాను. 'తిండి – నీళ్లు'. వేలు పెదాల దగ్గరికి వెళ్లింది, వీడియో అయిపోయింది. అచ్చంగా అదే. నా అంతటిది లేదనుకుని గ్లాసుతో నీళ్లు తెచ్చాను. ఆయన గ్లాసు వంక చూశారు, నా వంక చూశారు, తాగారు. గ్లాసు నా చేతికిచ్చి మళ్లీ బొటనవేలు పెదాల దగ్గర పెట్టారు. బాగా దాహంగా ఉన్నట్టుందని ఇంకో గ్లాసు తెచ్చాను. సగం తాగారు. ఈసారి నా చెయ్యి పట్టుకుని వెనక గది వైపు లాగారు. వెనక గది అలమరలో ఆయన మాత్రలుంటాయి. చెయ్యి లాగడం 'ఒళ్లు – మందు' అని వదిన పెట్టిన ముక్కలో ఉండనే ఉంది. కాబట్టి మాత్రా తెచ్చాను, వేసుకోవడానికి మరో గ్లాసు నీళ్లూ తెచ్చాను. బావగారు పైకప్పు వంక చూసి, నన్ను వదిలేసి ఒక్కరే వెనక్కి వెళ్లిపోయారు. నేను హాయిగా పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాను.

కాసేపటికి కింద షాపు టైలరు మెట్లు అదిరేలా ఎక్కొచ్చాడు.

"ఏమ్మా, ఇంట్లో మనుషులున్నారా అసలు? నా షాపులోకి నీళ్లు ధారగా దిగుతున్నాయి. ఎవరిదో కోటు గుడ్డ నానిపోయింది!"

వెనక్కి పరిగెత్తాను. గోడ పక్కన పైపు అతుకు ఊడిపోయింది. గచ్చంతా చెరువు. బావగారు మోకాళ్ల మీద కూర్చుని, ఛాతీదాకా తడిసిపోయి, కుర్చీ అల్లే వైరుని ఆ అతుకు చుట్టూ బిగించి చుడుతున్నారు. వైరు కొస పళ్లతో పట్టుకున్నారు. అప్పటికి ధార తగ్గి చుక్కలైంది. ఇంట్లో నీళ్లు పారుతున్నాయి మొర్రో అని మనిషి చెబుతుంటే, నేను ఆయనకి గ్లాసు మీద గ్లాసు తాగించాను.

ఆయన ముడి వేసి, లేచి, చొక్కా మార్చుకుని ముందు గదిలో కుర్చీ ముందు కూర్చున్నారు. నేను దగ్గరికెళ్లి తప్పైపోయిందని చెప్పబోతే కళ్లు మూసుకున్నారు. వినపడని మనిషి కళ్లు మూసుకుంటే ఇక తలుపేసి గడియ పెట్టినట్టే. నేను పక్కకి తప్పుకుంటే కళ్లు తెరిచి అల్లుకునేవారు. గదిలో అడుగు పెట్టానా, మళ్లీ మూసేవారు. టైలరు చేత చీవాట్లు తిని, గచ్చు తుడిచి, ట్యూషన్ పిల్లల్ని వెనక్కి పంపేసి, మొహం మాడ్చుకుని కూర్చున్నాను.

వదిన చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది.

"అమ్మాయ్, నాకు బల్ల ఉంది! నాకంటూ ఒక బల్ల, దానికి తాళం వేసే సొరుగు. కిటికీలోంచి చూస్తే యంత్రాలన్నీ కనిపిస్తాయి. వాళ్లలో ఒకావిడ నన్ను ఏమని పిలిచిందో తెలుసా..." అప్పుడు ఆరని గచ్చు చూసింది. నా మొహం చూసింది.

చెప్పక తప్పలేదు. చెబుతున్నకొద్దీ ఆవిడ మొహంలో వెలుగు దిగిపోతుంటే నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది. బావగారి దగ్గరికెళ్లి మోకాలు తట్టింది. ఆయన కళ్లు తెరవలేదు.

"నా మీద కూడానా అన్నయ్యా" అని వినపడని మనిషితో పైకే అనేసి, సంచిలోంచి ఫోన్ తీసింది. "యజమానికి కాదని చెప్పేస్తాను. కుదరదు. నాదే బుద్ధి తక్కువ, ఈ వయసులో బల్లలూ సొరుగులూ."

అప్పుడు నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. నా మీద నాకున్న కోపమంతా ఆవిడ మీదికి మళ్లింది. ఆ ఊపులో మా వదినకి నేనెప్పుడూ ఇచ్చే 'మీరు' ఎగిరిపోయింది.

"ఫోన్ అక్కడ పెట్టు! నువ్వు చేసిన వీడియోలు తగలెయ్య. ఏ ముక్క చూసినా చెయ్యి లేస్తుంది, అయిపోతుంది. చెయ్యి లేస్తుంది, అయిపోతుంది! ఆయనకి నీళ్లు కావాలో, నీళ్లు కారుతున్నాయో నాకెలా తెలియాలి?"

"చూస్తే తెలియదూ?" అంది వదిన, నిజంగానే ఆశ్చర్యపోతూ.

"నీకు తెలుస్తుంది. నీకు తెలిసిన చోటల్లా కత్తిరించేశావు. తెలియనిదాన్ని నేను కదా! మిగతాది ఏం చేశావు?"

"మిగతాది ఏముంటుంది? నేను లేచి వెళ్లిపోయాక ఖాళీ కుర్చీయేగా. చెత్తబుట్టలో పడేశాను."

"ఖాళీ చేశావా?"

"దాన్ని కూడా సర్దాలనుకున్నాను. తీరిక దొరకలేదు."

టాబ్లెట్ లాక్కుని చెత్తబుట్ట తెరిచాను. కత్తిరించని అసలు వీడియోలన్నీ పేరూ ఊరూ లేకుండా అందులోనే ఉన్నాయి. అంతలో మా ఆయన వ్యాను ఆపి పైకొచ్చి, ఇంట్లో ఏదో జరుగుతోందని గ్రహించి మా వెనక నిలబడ్డాడు.

ముందు నీళ్ల వీడియోనే పెట్టాను. తెర మీద బావగారు బొటనవేలు పెదాల దగ్గర పెట్టారు. వెంటనే వదిన వీపు లేచింది. "ఉండు, తెస్తా" అని ఆవిడ గొంతు. అక్కడికి ఆవిడ ముక్క అయిపోయింది. అసలు వీడియో అయిపోలేదు. వదిన వెళ్లిపోయాక కూడా బావగారి చేతులు ఆగలేదు. రెండు చేతులతో ప్యాంటు పైకి లాక్కున్నట్టు చేశారు. అలా లాక్కునేది మా వీధికి నీళ్ల డబ్బాలు తెచ్చే వ్యానతను. డబ్బా భుజానికెత్తుకున్నారు. మెట్లెక్కారు. కాలు జారింది. డబ్బా ఒక్కో మెట్టు దిగుకుంటూ దొర్లిపోయింది. ఆ వ్యానతను లేచి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి, దర్జాగా ప్యాంటు దులుపుకున్నాడు. బావగారు నవ్వారు. ఖాళీ కుర్చీని చూసి నవ్వారు. ఆ తర్వాత పక్కనుంచి గ్లాసుతో వదిన చెయ్యి తెరలోకి వచ్చింది. ఆయన తీసుకుని తాగారు.

మా ఆయన పగలబడి నవ్వాడు. "నీళ్ల వ్యానతను పడ్డాడా మన మెట్ల మీద!" అన్నాడు. ఆ మాట అన్నాక గానీ, ఈసారి అక్కని ఏమీ అడగలేదని ఆయనకే తట్టలేదు. నవ్వు ఆగిపోయింది.

"ఇది నాకెప్పుడూ చెప్పలేదే" అంది వదిన.

"మీకే చెప్పారు వదినా. మీరు నీళ్లకి వెళ్లారు" అన్నాను. కోపం దిగింది, 'మీరు' తిరిగొచ్చింది.

ఇంకోటి పెట్టాను. 'నడుం నొప్పి'. నడుం మీద చెయ్యి పెట్టగానే వదిన మందు తేవడానికి లేచింది. ఆ నడుం బావగారిది కాదు, కింది టైలరుది. ఆయన కస్టమరు చుట్టూ వంగి వంగి కొలతలు తీసే తీరు పూర్తిగా చేసి చూపించారు. మరొకటి, 'కోపం – నా మీద'. ఆయన కనుబొమలు ముడిచి గడ్డం మీద మచ్చ చూపించగానే, "సరే సరే, తప్పు నాదేలే" అంటూ వదిన లేచిపోయింది. ఆయన కుర్చీ వంకే చూస్తూ కొనసాగించారు. మూటలు దిగుతున్నాయి, దిగుతున్నాయి. మచ్చ ఉన్న మనిషి నిలబడే ఉంది. అందరూ కూర్చున్నారు, ఆమెకి కుర్చీ లేదు. ఆ కోపం లాండ్రీ వాళ్ల మీద.

వదిన టాబ్లెట్ తిరగేసి ఒళ్లో పెట్టుకుంది.

"ఇన్నేళ్లూ దాహం లేకుండానే అన్నయ్య చేత ఎన్ని గ్లాసులు తాగించానో" అంది. తర్వాత ఏడ్చింది, చప్పుడు చేస్తూనే ఏడ్చింది. మా ఆయన వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాడు. నాకు ఏడుపు రాలేదు. ఇన్నేళ్లు పక్క గదిలో ఉండి నేను ఒక్క కబురైనా వినలేదే అని భరించలేనంత సిగ్గేసింది.

కళ్లు తుడుచుకుని వదిన బావగారి ఎదుట కుర్చీ వేసుకుంది. ఆయన మోకాలి మీద చెయ్యి పెట్టి తీయలేదు. చాలాసేపటికి ఆయన కళ్లు తెరిచారు. ఏమైంది చెప్పు అని ఆవిడ చేతులతో అడిగింది. ఆయన కళ్లజోడు పైకి తోసుకున్నారు, అంటే నేను. చేతిలో పలక లాంటిది పట్టుకుని, దాన్ని చూసుకుంటూ పరిగెత్తారు. గ్లాసు. మళ్లీ పలక, మళ్లీ గ్లాసు. కాళ్ల కింద నీళ్లు చీలమండ దాకా వచ్చాయి. అయినా ఆ కళ్లజోడు మనిషి ఇంకో గ్లాసు తెస్తోంది. నన్ను ఉన్నదున్నట్టు దించేశారు. ఏ వీడియో చూడకుండా, ఎవర్నీ అడగకుండా ప్రతి ముక్కా నాకు అర్థమైంది. కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వాను. ఆయనా నవ్వారు.

వదిన ఇక ఆగలేకపోయింది. గడ్డం మీద మచ్చ చూపించుకుని, చెయ్యి దూరంగా ఊపి, నేను వెళ్లనా అని అడిగింది.

బావగారు గుండె మీద అరచెయ్యి పెట్టి మెల్లగా నొక్కుకున్నారు. ఆయన అలా చేస్తే బెంగ అని మా అందరికీ తెలుసు. అమ్మ పోయినప్పుడు అలాగే కూర్చున్నారు. వదిన మాకేసి తిరిగి, "చూశారుగా" అంటూ కుర్చీలోంచి లేచింది. చెయ్యి అప్పుడే ఫోన్ మీదికి పోయింది.

నేను ఆవిడ మణికట్టు పట్టుకుని కిందికి లాగాను. "కూర్చోండి. ఆయన చేతులింకా దిగలేదు."

కూర్చుంది. కాలు ఆడిస్తూనే ఉంది, ఆ మోకాలిని కూడా నేనే అదిమి పట్టుకున్నాను.

బావగారు లేచి నిలబడ్డారు. గడ్డం మీద మచ్చ చూపించారు. భుజాలు వంచి, తల దించుకుని, కాళ్లీడ్చుకుంటూ గదిలో ఆ చివరికి నడిచారు. రోజూ లాండ్రీ నుంచి వచ్చే వదిన. ఆ చివర ఆగి, మళ్లీ మచ్చ చూపించి, కిటికీలోంచి వీధిని చూపించారు. ఇవాళ, అన్నట్టు. సంచి ఊపుకుంటూ, మెడ నిటారుగా పెట్టుకుని, ఎవరికో చెప్పాలన్న తొందరలో పెదాలు కదుపుకుంటూ, దాదాపు పరిగెడుతున్నట్టు ఇటు వచ్చారు. వదిన ఎదుట ఆగారు. గుండె మీద మళ్లీ చెయ్యి నొక్కుకున్నారు, అది ఉంటుందన్నట్టు తల ఊపారు. ఆ చేత్తోనే ఆవిడ భుజం పట్టుకుని తలుపు వైపు తోశారు.

ఎవరూ ఎవరికీ దాని అర్థం చెప్పలేదు.

మర్నాడు వదిన యజమానికి ఫోన్ చేసి వస్తానని చెప్పింది. చెబుతూ చెబుతూ నా కళ్లజోడు పెట్టె సర్దింది.

వెళ్లే రోజు అందరం బస్టాండుకి వెళ్లాం. మా ఆయన పెట్టెలు ఎక్కించాడు. బస్సు కదలబోతుండగా బావగారికి ఏదో గుర్తొచ్చింది. కిందనుంచి చేతులెత్తి మొదలుపెట్టారు. అటు వైపు కూర్చోకు, ఎండ పడుతుంది. కిటికీలోంచి చెయ్యి బయట పెట్టకు. అక్కడి కుర్చీలు ఎలాంటివో చూడు, ప్లాస్టిక్ పోత పోసినవైతే కూర్చోకు, నీకు నేను ఒకటి అల్లి పంపిస్తాను, సీటు ఎంత వెడల్పు కావాలో చెప్పు, చేతులున్నది కావాలా లేనిది కావాలా. డ్రైవరు హారన్ మీద హారన్ కొట్టాడు. లోపలివాళ్లు, "ఎక్కమ్మా, ఎక్కు!" అని అరిచారు. మా వదిన బస్సు మెట్టు మీద నిలబడి, కమ్మీ పట్టుకుని, అన్నయ్య చేతులు కిందికి దిగేదాకా కదల్లేదు.